అరచేతి వెడల్పు తెలుపు

వరద నీళ్ళు రైలుకట్ట దాటి ఇళ్ళల్లోకి వచ్చిన ఏడాది నుంచి లెక్కేస్తే అది మూడో ఏడు. ఎండలు ముదిరి ఉన్నాయి. గోడకి చెయ్యి ఆనిస్తే చుర్రుమనే రోజులు.

ఆ పొద్దున ఎవరో తలుపు కొట్టారు. "వస్తున్నా" అనబోయాడు డిటెక్టివ్. గొంతు పెగల్లేదు. నిన్నంతా ఆయన ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడలేదు. మొన్న కూడా అంతే. ఇంట్లో మాట్లాడే మనిషి లేక చాలా కాలమైంది. రెండుసార్లు దగ్గి, గొంతు సవరించుకుని, అప్పుడు తలుపు తీశాడు.

గుమ్మంలో కుట్టు టీచరు నిలబడి ఉంది. చెప్పులు కూడా లేకుండా వచ్చింది. ఆవిడ అన్న, మొక్కల ప్రొఫెసరు, కనబడకుండా పోయి రెండు నెలలు కావస్తోంది. వెతికిపెట్టమని ఈయన్ని కుదుర్చుకున్నది ఆవిడే. ఇంతవరకూ గోరంత ఆచూకీ దొరకలేదు.

"అన్నగారూ, పిల్లి వచ్చింది."

"మీ అన్నయ్య పట్టుకుపోయిన పిల్లా?"

"అదే. పొద్దున్నే గోడ దూకి వచ్చి కుట్టుమిషను మీద కూర్చుంది."

"మంచిదేగా తల్లీ."

"మంచేంటండీ! ఎదురింటివాళ్ళు చూసి స్టేషనుకి చెప్పారు. ఇన్‌స్పెక్టరు వచ్చి ఇంట్లో కూర్చున్నాడు. నన్ను తీసుకుపోతాడట."

డిటెక్టివ్ చొక్కా తొడుక్కున్నాడు. గుండీలు దారిలో పెట్టుకున్నాడు.

ఇన్‌స్పెక్టరు ఒకప్పుడు ఆయన చేతికింద పని నేర్చుకున్నవాడే. సగం నేర్చుకున్నాక చాలనుకున్నాడు. ఈయన ఉద్యోగం వదిలేశాక ఆ కుర్చీలో కూర్చున్నదీ అతనే. ఇప్పుడు టీచరు ఇంట్లో, బట్టముక్కల కుప్ప పక్కన, కాలు మీద కాలేసుకుని ఉన్నాడు.

"రండి గురువుగారూ. మీరు రెండు నెలలుగా వెతుకుతున్న మనిషి దొరకలేదు గాని, పిల్లి దొరికింది. దండ వేద్దామా?"

"విషయం చెప్పు."

"విషయం ఏముంది, ఎదురుగానే ఉంది. ఈవిడ మొదటి రోజు ఏం చెప్పింది? అన్నయ్య బుట్టలో పిల్లిని పెట్టుకుని వెళ్ళిపోయాడు, అంది. ఆయన్ని రైల్లో చూసినవాడు లేడు, బస్సులో చూసినవాడు లేడు. ముందురోజు అన్నాచెల్లెళ్ళు గొంతులు చించుకున్నది మాత్రం వీధంతా విన్నది. ఇప్పుడేమో పిల్లి ప్రత్యక్షం. చూడండి దాని వాలకం. డొక్క ఎండలేదు, చెవి చిరగలేదు. రెండు నెలలు వీధిన పడ్డ పిల్లి ఇలా ఉంటుందా? ఇది గడప దాటలేదు. ఈవిడే దాచింది. పిల్లి సంగతి అబద్ధం చెప్పిన మనిషి అన్న సంగతి నిజం చెబుతుందా?"

మాట సూటిగానే ఉంది. డిటెక్టివ్‌ టీచరు వైపు తిరిగాడు.

"పోట్లాట దేనికమ్మా? మళ్ళీ చెప్పు."

"ఎన్నిసార్లు చెప్పను? పైగదిలో ఆయన, కింద నేను. మెట్లు దిగి వచ్చి తిని, మళ్ళీ మెట్లెక్కి పోతాడు. నోరు విప్పితే మొక్కల సంగతే. ఈ ఇంట్లో ఇంకో మనిషి ఉందని నీకు గుర్తుందా అన్నాను. నీ కంటికి కనబడని చోటికి పోతానన్నాడు. పోతే పో అన్నాను." ఆవిడ బట్టముక్క ఒకటి తీసి మడత పెట్టింది, విప్పింది, మళ్ళీ మడత పెట్టింది. "నిజంగా పోతాడని ఎవరనుకున్నారు?"

పిల్లి ఆవిడ ఒళ్ళోంచి దిగి, గదంతా ఒకసారి చూసుకుని, వచ్చి డిటెక్టివ్ కాళ్ళ దగ్గర నిలబడింది. ఆయన వంగి ఎత్తుకున్నాడు. మీగడ రంగు ఒళ్ళు. మూతి, చెవులు, తోక, పాదాలు మాత్రం మసి పూసినట్టు నలుపు. కుడి డొక్క మీద నుంచి పొట్ట కిందిదాకా పెద్ద నల్లమచ్చ. ఆ నలుపు నడిమధ్య ఒక తెల్లని పట్టీ.

"ఈ మచ్చ ఎప్పటిది?"

టీచరు దగ్గరికి వచ్చి చూసింది. "ఇది లేదండీ ఇదివరకు. అక్కడ రేకు గీసుకుని కుట్లు పడ్డాయి. డాక్టరమ్మ బొచ్చంతా గీసేసింది. వెళ్ళేనాటికి అక్కడ బోడిగా ఉంది."

"ఏ పొయ్యి పక్కనో పడుకుని ఉంటుంది. మసి," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

డిటెక్టివ్ వేలు తడి చేసుకుని గట్టిగా రుద్దాడు. వేలికి ఏమీ అంటలేదు.

"సాయంత్రం దాకా ఆగు."

"దేనికి? పిల్లి చేత వాంగ్మూలం ఇప్పిస్తారా? సంతకం చేస్తుందా, గోటిముద్ర వేస్తుందా?"

"ఆగుతావా, ఆగవా?"

ఇన్‌స్పెక్టరు టోపీ పెట్టుకున్నాడు. "పాత మొహమాటం. సాయంత్రం జీపు వస్తుంది. ఈవిడ అందులో ఎక్కుతుంది. ఈలోగా మీరు పిల్లితో ఎంతసేపు మాట్లాడతారో మాట్లాడండి. మీకూ మాట్లాడే తోడు దొరికినట్టుంటుంది."

ఆ చివరిమాట దిగాల్సిన చోటే దిగింది. డిటెక్టివ్ బయటపడలేదు. పిల్లిని గుడ్డసంచిలో పెట్టుకుని బయటికి నడిచాడు.

జంతువుల డాక్టరమ్మ ఆసుపత్రి ఒకే గది. బల్ల మీద పిల్లిని పడుకోబెట్టి మచ్చ చూసి, "అరే!" అంది.

"గీసింది మీరేగా?"

"నేనే. ఆయన మాయమయ్యే ముందురోజు కుట్లు విప్పాను. విప్పేటప్పుడు మళ్ళీ ఒకసారి నున్నగా గీశాను."

"అయితే ఈ బొచ్చంతా ఆ తరువాత మొలిచిందే."

"అంతేగా మరి."

"తెల్లపిల్లికి నల్లగా ఎందుకు మొలిచింది?"

డాక్టరమ్మ చేతులు కడుక్కుంటూ చెప్పింది. "ఇది తెల్లపిల్లి కాదండీ. నలుపు చేసే జన్యువు దీనికి ఒళ్ళంతా ఉంది. మూతి దగ్గర ఉన్నదే వీపు మీదా ఉంది, వెంట్రుక వెంట్రుకకీ ఉంది. కాకపోతే అది తయారుచేసే సరుకు, రంగు పుట్టించేది, ఈ జాతిలో కాస్త నాసిరకం. వేడికి ఆగదు. ఒళ్ళు వెచ్చగా ఉన్నచోట మెత్తబడి పని మానేస్తుంది. చల్లగా ఉన్నచోట శుభ్రంగా పని చేస్తుంది. చెవులూ తోకా పాదాలూ చల్లగా ఉంటాయి, అందుకని అవి నలుపు."

"పనివాడు అన్ని చోట్లా ఉన్నాడు. ఉక్కపోస్తే పడుకుంటాడు."

"మా ఆఫీసు గుమాస్తాలాగా." ఆమె నవ్వింది. "తల్లి కడుపులో వెచ్చన కదా, అందుకే వీటి పిల్లలన్నీ తెల్లగా పుడతాయి. బయటి గాలి తగిలాక మెల్లగా చెవులు నల్లబడతాయి. ఇదంతా నాకు చెప్పింది మీరు వెతుకుతున్న మనిషే. మొక్కకైనా పిల్లికైనా లోపల ఏముంది అన్నది సగం సంగతేనమ్మా, ఏది ఎప్పుడు లేస్తుంది, ఏది ఎప్పుడు పడుకుంటుంది అన్నది మిగతా సగం, అనేవాడు. వచ్చినప్పుడల్లా అదే మాట. వినేవాళ్ళు ఇంకెవరూ లేరేమో పాపం."

డిటెక్టివ్ మచ్చ మీద వేలు పెట్టాడు.

"ఈ ఎండల్లో, వాళ్ళ రేకుల ఇంట్లో మొలిచి ఉంటే?"

"మీగడలా వచ్చేది. ఇంత నలుపు రావాలంటే..." డాక్టరమ్మ తుడుచుకుంటున్న చెయ్యి ఆపింది. "చలి కావాలి. మంచి చలి. రోజూ."

"అంటే ఇది ఇంట్లో లేదు."

"ఇంట్లో లేదు. నేను రాసిస్తాను."

టీచరు జీపు ఎక్కకుండా ఉండడానికి ఆ ముక్క చాలు. డిటెక్టివ్ లేవబోయాడు. పిల్లి లేవలేదు. అరికాళ్ళు ముడుచుకుని, నల్లమచ్చ పైకి పెట్టి, ఆయన్నే చూస్తోంది.

"మరి ఈ పట్టీ?" అన్నాడు. "నలుపు మధ్యలో ఈ తెలుపు?"

ఆమె వంగి బొచ్చు వేలితో పాయ తీసింది. "ఇక్కడ మాత్రం చలి తగల్లేదు. ఏదో వెచ్చనిది ఆనుకుని ఉండాలి. ఒక రోజూ రెండు రోజులూ కాదు. మొలిచినన్నాళ్ళూ."

డిటెక్టివ్ తన చెయ్యి ఆ తెల్లపట్టీ మీద పెట్టాడు. పెట్టింది పెట్టినట్టు సరిపోయింది. అరచేయి వెడల్పు. వేళ్ళు పొట్ట కిందికి వెళ్ళిన దారి కూడా తెల్లగానే ఉంది. పిల్లి కళ్ళు మూసుకుని గురగుర మొదలుపెట్టింది.



"ఏదో కాదు," అన్నాడు. "ఎవరో."

"అవును."

"చలిలో ఒక మనిషి దీన్ని పట్టుకుని పడుకున్నాడు. రోజూ. చచ్చినవాడి చెయ్యి వెచ్చగా ఉండదు."

ఎన్నేళ్ళుగానో ఆయన చేతికింద ప్రాణమున్నది ఏదీ అంతసేపు నిలవలేదు. చెయ్యి తీయడానికి కొంచెం ఆలస్యమైంది.

ఇంతలో బండికింద పడ్డ కుక్కని ఎవరో మోసుకొచ్చారు. డాక్టరమ్మ అటు పరిగెత్తింది. పోతూ పోతూ బల్ల మీది భూతద్దం ఆయన చేతిలో పెట్టింది. "నాకిప్పుడు తీరదు, మీరే చూసుకోండి. వెంట్రుక కుదురు దగ్గర పెరుగుతుంది. కొస పాతది, కుదురు కొత్తది. అది గుర్తుంచుకుంటే చాలు."

భూతద్దం జేబులో వేసుకున్నాడు. దాన్ని చూస్తూ కూర్చునే తీరిక ఆయనకీ లేదు. ఒక మనిషి బతికి ఉన్నాడు. ఎక్కడో చలిలో ఉన్నాడు. మంచాలు ఆరుబయట వేసుకుని కూడా జనానికి నిద్రపట్టని ఈ ఊళ్ళో, అంత చలి దొరికే చోటు ఒక్కటే ఉంది. ఆసుపత్రి నుంచే స్టేషనుకి ఫోను చేశాడు.

"పళ్ళ గిడ్డంగికి రా."

"చూసొచ్చాను గురువుగారూ, మొదటి వారంలోనే. ప్రొఫెసరు మొక్కలు పెట్టుకున్న చలిగది ఆపేసి, తాళం వేసి ఉంది."

"మళ్ళీ చూద్దువుగాని."

పళ్ళ గిడ్డంగి యజమానిని అందరూ ఐసు అంటారు. మొదట ఐసు ఫ్యాక్టరీ పెట్టాడు. అది మూతపడ్డాక దాని ముందు ఈ చలిగదులు కట్టాడు. ప్రొఫెసరుకి చిన్ననాటి నేస్తం. టీచరు ఇతన్ని ఐసన్నయ్య అంటుంది. అన్న మాయమైన రోజు మొదట పరిగెత్తుకొచ్చి కుర్చీ వేసుకుని కూర్చుని ఓదార్చింది ఇతనే.

"ఏంటన్నా, మళ్ళీ వచ్చావు? కూర్చో. చల్లటి నీళ్ళు తాగుతావా?"

"తాగుతా."

ఐసు గ్లాసు నింపి అందిస్తుంటే సంచిలోంచి పిల్లి మూతి బయటపెట్టింది. ఐసుని చూసింది. చెవులు వెనక్కి వాల్చి సంచి అడుక్కి దిగిపోయింది.

గ్లాసులో నీళ్ళు కాస్త బల్ల మీద ఒలికాయి.

"ఇదెక్కడిది? వాడి పిల్లి కదూ?"

"ఇంటికొచ్చింది."

"పోనీలే, చెల్లాయికి కాస్త ఊరట."

"చివరి గదిలో ప్రొఫెసరు ఏం పెంచేవాడు?"

"వాడి మొక్కలే. పళ్ళ చెట్ల నారు. వాటికి చలి తగిలితేగాని పూత రాదట. పువ్వుని ఆపిపట్టే జన్యువు ఒకటి లోపల కాపలా కూర్చుంటుందట. చలి తగిలి తగిలి అది నోరు మూసుకుంటుందట, అప్పుడు గాని మొగ్గ కదలదట. మన ఊరి చలి దానికి ఏ మూలకి? అందుకని నా గది. వాడు పోయాడు, మొక్కలూ పోయాయి. వేసవి మొదట్లోనే ఆ గది ఆపేశాను."

"ఆపేశావు."

"ఇన్‌స్పెక్టరుగారే చూశారు. మీట ఆపేసి ఉంది."

అప్పుడే ఇన్‌స్పెక్టరు లోపలికి వచ్చాడు. చెమటకి చొక్కా ఒంటికి అతుక్కుపోయి ఉంది. "చూశాను, మీట ఆపేసే ఉంది. ఇప్పుడు ఇంకేం చూడాలి?"

డిటెక్టివ్ గ్లాసు కింద పెట్టి లేచాడు. "మీట కాదు, గోడ."

ముగ్గురూ గిడ్డంగి వెనక్కి వెళ్ళారు. ఆ వైపు ఎవరూ రారు. పళ్ళ పెట్టెల చెక్కలు, తుప్పు పట్టిన పైపులు. ఎండ నిలువునా కాస్తోంది. ఆపేసిన గదుల వెనకగోడలు సున్నం పెచ్చులూడి ఎండిపోయి ఉన్నాయి. చివరి గది గోడ మాత్రం నల్లగా తడిసి ఉంది. కింద మూరెడు ఎత్తున నాచు పట్టింది. లేతాకుపచ్చ నాచు. ఊళ్ళో ఇంకెక్కడా పచ్చగడ్డి కూడా లేని రోజుల్లో.

"చెయ్యి పెట్టు," అన్నాడు డిటెక్టివ్.

ఇన్‌స్పెక్టరు అరచెయ్యి ఆనించాడు. తీసి చూసుకున్నాడు. నీళ్ళు కారుతున్నాయి. పక్క గది గోడ మీద కూడా పెట్టి, కాలి, వెనక్కి తీసుకున్నాడు. నేర్చుకున్న సగం అతనికి బాగానే గుర్తుంది. ఇక వెటకారం ఆడలేదు.

"ఆపిన గదికి చెమటెందుకు పట్టిందయ్యా?"

"పక్క గది చలి..."

"పక్క గది గోడ ఎండిపోయి ఉంది. తాళం తియ్యి."

"తాళంచెవి ఇంట్లో..."

"పగలగొట్టనా?"

తాళంచెవి ఐసు మొలలోనే ఉంది.

తలుపు తీయగానే చలి ముఖాన కొట్టింది. బయట కనబడే మీట ఉత్తుత్తిదే. ఎండలోంచి వచ్చిన వాళ్ళకి కళ్ళు కాసేపు కనబడలేదు. తరువాత నీలం దీపాల కింద అరలు కనిపించాయి. అరల నిండా తట్టలు, తట్టల్లో నారు. ఒక మూల మడతమంచం. దాని మీద రెండు రగ్గులు, ఉన్ని టోపీ. మంచం కింద ఒక కంచం, ఒక గ్లాసు. పిల్లికి పాలు పోసే చిప్ప.

మనిషి లేడు.

ఐసు పళ్ళపెట్టె మీద కూలబడి, ఉన్నట్టుండి నవ్వాడు.

"సరే, దొరికిపోయాను. ఏం చేయమంటారు, వాడికి మాటిచ్చాను. చెల్లెలి మాట పడలేక వాడే వచ్చాడు. దాచమన్నాడు. మొక్కల పక్కనే పడుకుంటానన్నాడు. చిన్నప్పటి నుంచి వాడంతే, మనుషులంటే పడదు."

"ఇప్పుడేడి?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"నిన్న రాత్రి కూడా ఇదిగో ఈ మంచం మీదే పడుకున్నాడు, ఆ పిల్లిని పొట్టకి హత్తుకుని. పొద్దున తలుపు తీశానో లేదో, పిల్లి కాళ్ళసందున దూరి పారిపోయింది. దాన్ని వెతుక్కుంటూ పోయాడు. చీకటిపడే వేళకి తనే వస్తాడు. వాడితో నేను చెప్పి, ఇంటికి పంపిస్తా. సరేనా?"

ఇన్‌స్పెక్టరు నిట్టూర్చాడు. పెద్ద బరువు దిగినవాడి నిట్టూర్పు. "ఇదా సంగతి! రెండు నెలలు మా ప్రాణాలు తోడారు కదయ్యా. గురువుగారూ, ఒప్పుకుంటున్నాను, పిల్లి గెలిచింది. టీచరమ్మకి నేనే వెళ్ళి క్షమాపణ చెబుతాను. మనిషి బతికే ఉన్నాడు. పదండి, ఈ చలిలో నాకు పళ్ళు కొట్టుకుంటున్నాయి."

అందరికీ బాగుండే జవాబు అది. డిటెక్టివ్ మాత్రం మంచం దగ్గరికి వెళ్ళి రగ్గు ఎత్తి చూశాడు. చెమ్మగా ఉంది. మడతల్లో పిల్లి బొచ్చు ఉంది. కంచంలో ఎండిన మెతుకులు రాయిలా గట్టిపడ్డాయి.

మంచం మీద కూర్చుని, సంచి విప్పి, పిల్లిని ఒళ్ళో పెట్టుకున్నాడు. జేబులోంచి భూతద్దం తీశాడు.

"ఇప్పుడేంటి?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

డిటెక్టివ్ తెల్లపట్టీ మీద బొచ్చు వేళ్ళతో పాయ తీసి, చర్మం దాకా చూశాడు. కొస తెలుపు. నడుము తెలుపు. కుదురు దగ్గర, చీమతల అంత మేర, నలుపు. ఇంకో చోట పాయ తీశాడు. అక్కడా అంతే. పట్టీ పొడుగునా అంతే. తెలుపు అడుగున నలుపు పుట్టుకొస్తోంది.

ఆయన ఒంట్లోకి చలి దిగింది. ఆ గది చలి కాదు.

"ఇలా రా. చూడు."

ఇన్‌స్పెక్టరు వంగి చూశాడు.

"ఈ తెలుపు ఆయన చెయ్యి పడినచోటు. ఒంటి వేడి తగిలినన్నాళ్ళూ అక్కడ తెల్లగా మొలిచింది. కొస పాతది, కుదురు కొత్తది. కుదురు ఏ రంగుగా ఉంది?"

"నల్లగా."

"నిన్న రాత్రి ఈ పిల్లిని ఎవరూ హత్తుకోలేదు. మొన్నా లేదు. కొన్నాళ్ళుగా ఇది ఒక్కతే పడుకుంటోంది, ఈ చలిలోనే. ఆ చెయ్యి లేదు."

ఇన్‌స్పెక్టరు భూతద్దం తీసుకుని తనంతట తాను ఇంకోసారి చూశాడు. చూసి, నిటారుగా లేచి, ఐసు చొక్కా పట్టుకుని పెట్టె మీంచి లేపాడు.

"మనిషెక్కడ?"

"చెప్పాను కదా, పొద్దున..."

"పొద్దున కాదు. మనిషెక్కడ?"

ఐసు పిల్లి వైపు చూశాడు. దాని డొక్క మీది బొచ్చు అంత సంగతి ఎలా చెప్పిందో అతనికి అర్థం కాలేదు. చెప్పిందని మాత్రం తెలిసింది. 

"జ్వరం వచ్చింది," అన్నాడు. "తగ్గుతుందనుకున్నా. తగ్గలేదు. ఇక్కడుంటే పోతాడని వెనకాల పాత ఫ్యాక్టరీకి మార్చాను. ఇంజను గదిలో. అక్కడ వెచ్చగా ఉంటుందని..."

"డాక్టరు?"

"డాక్టరొస్తే అంతా బయటపడదా? కొంచెం చలికే పూసే నారు ఒకటి వచ్చిందన్నాడు. చలి లేని ఊళ్ళల్లో కూడా కాస్తుందన్నాడు. ఏ తట్ట అంటే చెప్పలేదు. చెప్పేదాకా తలుపు తీయనన్నాను. రెండు రోజుల్లో చెబుతాడనుకున్నా. వాడి మొండితనం నాకేం తెలుసు?"

"మరి ఆయన్ని మార్చాక ఇక్కడ చలి ఆపలేదేం?" అన్నాడు డిటెక్టివ్. " ఆపి ఉంటే మాకు ఈ గోడా ఉండేది కాదు, ఈ నలుపూ ఉండేది కాదు."

"ఆపితే మొక్కలు?" ఐసు నిజంగానే ఆశ్చర్యపోయాడు. "మొగ్గ కదిలే వేళ. ఏ తట్ట ముందు పూస్తే అదే కదా. వాడు చెప్పకపోయినా మొక్కే చెబుతుంది. ఇంకొన్నాళ్ళు చలి ఉంటే చాలు."

"పిల్లిని ఇక్కడే ఎందుకు వదిలేశావు?"

"మంచం మీంచి దిగలేదు. పట్టుకోబోతే రక్కింది. చంపడానికి చెయ్యి రాలేదు. నోరులేనిది, ఏం చెబుతుందిలే అనుకున్నా."

పాత ఫ్యాక్టరీ పెరట్లోనే ఉంది. తలుపుకి బయట గొళ్ళెం. ఇన్‌స్పెక్టరు ఒక్క తన్ను తన్నాడు.

చచ్చిన ఇంజను పక్కన, గోనెపట్టాల మీద, ఒక మనిషి గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. గడ్డం పెరిగిపోయింది. కుడిచెయ్యి ముందుకి చాచి వంచి ఉంది. ఆ వంపులో ఏమీ లేదు.

డిటెక్టివ్ మోకాళ్ళ మీద కూర్చుని మెడ పట్టి చూశాడు. కాలుతోంది. అంత సంతోషం ఆయనకి ఏ వేడికీ ఎప్పుడూ కలగలేదు.

"ఉన్నాడు. బండి పిలువు."

ఇన్‌స్పెక్టరు పరిగెత్తాడు. లోపల వాళ్ళిద్దరే మిగిలారు. డిటెక్టివ్ తడిగుడ్డతో పెదాలు తుడిచాడు. ప్రొఫెసరు కళ్ళు తెరిచాడు. తెలియని ముఖాన్ని చాలాసేపు చూశాడు.

"ఎవరు పంపారు?"

"మీ చెల్లెలు."

ఆ మాట అతనికి అర్థం కావడానికి టైము పట్టింది.

"నేనే వచ్చాను," అన్నాడు. గొంతు గీరినట్టుంది. "వాడు లాక్కురాలేదు. నా కోసం ఎవరూ వెతకరురా అని వాడికి నేనే చెప్పాను. చెల్లెలు కూడా వెతకదన్నాను. అందుకే వాడికి... ధైర్యం వచ్చింది."

కళ్ళు మళ్ళీ మూతపడ్డాయి. బండి వచ్చింది. ఇన్‌స్పెక్టరు ఆయాసపడుతూ తిరిగొచ్చి, "ఏమైనా చెప్పాడా?" అన్నాడు.

"తలుపు వేసింది ఐసేనట."

"అంతేనా?"

"అంతే."

ఆ రాత్రి టీచరు ఆసుపత్రిలోనే ఉండిపోయింది. పిల్లిని లోపలికి రానివ్వలేదు. డిటెక్టివ్ ఇంటికి పట్టుకుపోయాడు. అది ఇల్లంతా వాసన చూసి, మంచమెక్కి, ఆయన పొట్ట పక్కన ముడుచుకుంది. ఫ్యాను గాలి దానికి తగులుతోందని లేచి ఫ్యాను ఆపాడు. ఉక్కలో మేలుకునే ఉన్నాడు. చెయ్యి ఎక్కడ వేయాలో తెలిసినా, అక్కడ వేయలేదు. అది ఇంకొకరి చోటు.

మర్నాడు పొద్దున్నే పిల్లిని సంచిలో పెట్టుకుని ఆసుపత్రికి నడిచాడు. టీచరు మెట్ల మీద కూర్చుని ఉంది. నిద్ర లేక కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"గండం గడిచిందన్నారు," అంది. "ఇంకా మాట్లాడడం లేదు. మీతో ఏదో మాట్లాడాడట కదా, ఇన్‌స్పెక్టరు చెప్పాడు. ఏమన్నాడండీ? నా మీద కోపంగా ఉన్నాడా? నేను పో అన్నానని..."

డిటెక్టివ్ ఉద్యోగంలో ఎంతోమంది చేత నిజం చెప్పించాడు. ఆవిడ ముఖం చూసి గొంతు సవరించుకున్నాడు.

"నా చెల్లెలు వెతుకుతుందని నాకు తెలుసు, అన్నాడమ్మా."

ఆవిడ చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన సంచి ఆవిడ ఒళ్ళో పెట్టి, మూతి విప్పి, పిల్లి తల బయటికి వచ్చేదాకా ఆగాడు. తరువాత ప్రొఫెసరు ఉన్న గదికి వెళ్ళాడు. నర్సు బయటికి పోయేదాకా గోడవారగా నిలబడ్డాడు. మంచం దగ్గరికి వంగి, ఆ చెవిలో, తను ఆవిడకి చెప్పిన మాట ఏమిటో చెప్పాడు.

"మీరూ అదే చెప్పండి," అని, ఒంటరిగా ఇంటికి నడిచాడు.